పళ్లు లేనాయనకు పళ్ల బీమా

మా అన్నయ్య సాలొమోన్ నోట్లో ఒక్క పన్ను లేదు. మిగిలిన ఆఖరి పన్ను కూడా ఏనాడో మొక్కజొన్న కండెతో పాటే పోయింది. అలాంటి మనిషికి పళ్ల బీమా అమ్మారంటే ఆ అమ్మినవాళ్లని ఏమనాలి? అదొక్కటే అయితే నవ్వి ఊరుకుందును. దాంతో పాటు బడిపిల్లల ఫీజుల బీమా కూడా అంటగట్టారు. ఆయనసలు పెళ్లే చేసుకోలేదు.

సంగతి మాకు ఆవు వల్ల తెలిసింది. అన్నయ్య పెన్షను బ్యాంకులో పడుతుంది. ఆ యేడు అది నెలనెలా కొరుక్కుతిన్నట్టు తగ్గుతూ వచ్చింది. బెల్లానికీ ఉప్పుకీ చాలడం లేదని ఆయన ఎవరితోనూ అనలేదు, నాతో కూడా. ఒక పొద్దున పాలకని ఆయన దొడ్లోకి వెళ్లేసరికి, పశువుల బేరగాడొకడు ఆయన ఆవు మారిపోసా నోరు తెరిచి పళ్లు చూస్తున్నాడు. అన్నయ్య అటు తిరిగి, కప్పుకున్న రువానా కంబళి అంచుతో ముక్కు తుడుచుకుంటున్నాడు.

"ఏంటన్నయ్యా ఇది?"

"అమ్మేస్తున్నా. శనివారం సంతకి తోలుకుపోతాడట."

"మారిపోసానా? దాన్ని అమ్మేసి ఇంక ఎవరితో మాట్లాడతావు నువ్వు?"

"నీతో మాట్లాడతాలే ఒతీలియా."

"నేను పాలివ్వనుగా!"

బేరగాడు పగలబడి నవ్వాడు. అన్నయ్య నవ్వలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఇది చిన్న సంగతి కాదని. తెల్లారితే ఆ ఆవు మెడ మీద చెయ్యేసి నిలబడితే గానీ ఆయనకి ఒంట్లో వేడి పుట్టదు.

చెయ్యి పట్టుకుని బ్యాంకుకి లాక్కెళ్లాను. అద్దం వెనక పిల్ల కంప్యూటరు చూసి, "బీమాకి పోతోంది తాతా. ఫోన్లో మీరే ఒప్పుకున్నారుగా," అంది. అన్నయ్య నా వైపు చూశాడు, ఫోనంటే ఏమిటో కొత్తగా వింటున్నవాడిలా.

అక్కణ్నుంచి తిన్నగా మున్సిపాలిటీకి. అక్కడ జనం ఫిర్యాదులు వినే లాయరమ్మ ఉంది, యామిలే అని. చిన్నదే గానీ గట్టిపిండం. కంపెనీకి రాసి, అన్నయ్య ఒప్పుకున్న ఆ ఫోను మాటల రికార్డు తెప్పించింది. మమ్మల్ని కూర్చోబెట్టి వినిపించింది.

"మీ పళ్లకు పూర్తి రక్షణ కావాలా సర్?"

"అలాగేనమ్మా."

"మీ పిల్లల చదువులకు కూడా?"

"అలాగేనమ్మా. దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

"మీ ఖాతాలోంచి తీసుకోమంటారా?"

"అలాగేనమ్మా, అలాగే."

యామిలే తల పట్టుకుంది. "పెద్దమ్మా, ఇంత వయసువాళ్లకి ఈ బీమా చిల్లిగవ్వ ఇవ్వదు. తెలిసే అమ్మారు. కానీ వాళ్లు ఈ 'అలాగేనమ్మా' పట్టుకుని వేలాడతారే, ఎలా విడిపించను?" అని, ఉసూరుమంటూ కాఫీ కలపడానికి లేచింది. "తాతా, పంచదార వెయ్యనా?"

"అలాగేనమ్మా."

"లేక చేదుగా ఇవ్వనా?"

"అలాగేనమ్మా."

చెంచా పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నా వైపు తిరిగింది. "ఎప్పుడూ ఇంతేనా ఈయన?"

"పుట్టినప్పట్నుంచీ ఇంతే," అన్నాను. మా బొయాకా కొండల్లో ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఊ కొట్టకపోతే పొగరంటారు. మా అమ్మ ఆ మర్యాదని గరిటె కాడతో నేర్పింది మాకు. దానికి తోడు అన్నయ్యకి ఒక చెవి పోయింది, రెండోది చర్చి గంటకి మాత్రమే పలుకుతుంది. వయసులో ఉన్నప్పుడు ఇలాగే ఒకావిడ మాటలకి ఊ కొట్టీ కొట్టీ, ఆవిడ కూతురితో పెళ్లి ఖాయం చేసుకొచ్చాడు. వాళ్లు విందుకని పందిని కోస్తుంటే గానీ పెళ్లికొడుకు తనేనని ఆయనకి తెలియలేదు! ఆ పిల్ల అదృష్టవంతురాలు, వేరేవాణ్ని చేసుకుంది.

యామిలే నవ్వలేదు. కళ్లు మాత్రం మెరిశాయి.

శుక్రవారం కంపెనీ తరఫున ఒకమ్మాయి తూంహా పట్నం నుంచి వచ్చింది. మర్నాడే సంత. అన్నయ్యని ఆఫీసుకి రావద్దంది యామిలే. "ఇంట్లోనే ఉండండి. ఫోను మోగితే తాత ఎత్తాలి. పెద్దమ్మా, మీరు మాత్రం నోరు విప్పకూడదు." నా వరకూ అది చాలా పెద్ద శిక్ష.

ఫోను మోగింది. యామిలే చెప్పినట్టే గట్టిగా వినబడే మీట నొక్కాను. కంపెనీ అమ్మాయి గొంతే, తేనె పూసినట్టుంది.

"నమస్కారం సర్. మీరు మా బీమాని తెలిసే తీసుకున్నారు కదండీ?"

"అలాగేనమ్మా."

"చూశారా?" అంది ఆ గొంతు పక్కకి తిరిగి. వెంటనే యామిలే గొంతు, "ఇప్పుడు నేను రాసిచ్చిన ప్రశ్నలు అడగండి," అంది. కాగితం గరగరలాడింది.

"సర్, మీరు... విమానం నడుపుతారా?"

"అలాగేనమ్మా."

"ఈ నెల్లో మీకు కానుపు ఉందా?"

"అలాగేనమ్మా, దేవుడి దయ."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. అవతల ఎవరో నవ్వు మింగుతున్నారు.

"సర్, మీ ఆవుని నాకు ఊరికే ఇచ్చేస్తారా?"

"అలాగేనమ్మా."

ఇంక నా వల్ల కాలేదు. "ఓరి నీ మర్యాద మండా! మారిపోసాని ఇచ్చేశావన్నయ్యా!" అని ఆయన మంచి చెవిలో అరిచాను.

"ఎవరికి?" ముసలాయన ఎగిరి నిలబడ్డాడు. "ఇవ్వను! ఎవరడిగారు? ఏ మొహం పెట్టుకుని అడిగారు? ఇవ్వను, ఇవ్వను, ఇవ్వనంతే!"

డెబ్బై ఏళ్లలో ఆయన నోట 'ఇవ్వను' అన్న మాట వినడం నాకు అదే మొదలు. అవతల గదంతా నవ్వు. ఆ నవ్వులో కంపెనీ అమ్మాయి గొంతు కూడా ఉంది, పాపం, తనది చిన్న ఉద్యోగం. "రద్దు చేయించేస్తానండీ," అంది ఊపిరి తీసుకుంటూ. "తీసుకున్నదంతా వెనక్కి పంపిస్తాం."

"రాసి సంతకం పెట్టండి. నవ్వు తర్వాత," అంది యామిలే.

ఆ సాయంత్రమే బేరగాడికి కబురంపాను, నీ తాడు నువ్వే ఉంచుకోమని.

తర్వాత యామిలే ఇంటికొచ్చి అన్నయ్యకి పాఠం పెట్టింది. "తాతా, ఇకనుంచి ఫోనెత్తితే మొదటి మాట 'వద్దు'. ఏది అనండి?"

"అలాగేనమ్మా."

"కాదు తాతా, 'వద్దు'!"

చెమటలు పట్టాయి ఇద్దరికీ. కానీ నేర్చుకున్నాడు. ఎంత బాగా నేర్చుకున్నాడంటే, కొన్నాళ్లకి నేను పొయ్యి దగ్గర పాలు కాస్తుంటే ఫోను మోగింది. అన్నయ్య తీసి, "వద్దు! వద్దు! వద్దంటే వద్దు!" అని ఠపీమని పెట్టేశాడు. మళ్లీ మోగితే మళ్లీ అదే పాట. మొహం వెలిగిపోతోంది, కోడిపందెం గెలిచినవాడిలా.

గంట తిరక్కుండా యామిలే బురద బూట్లతో కొండెక్కి వచ్చింది. గుమ్మంలో నడుం పట్టుకుని నిలబడి రొప్పుతోంది.

"మీ డబ్బు వచ్చిందని చెప్పడానికి చేశాను తాతా. రెండుసార్లు వద్దన్నారు!"

"నువ్వేగా నేర్పావు," అన్నాడు అన్నయ్య, పరమ గర్వంగా.

అప్పుడే పిండిన మారిపోసా పాలు పెద్ద గ్లాసుకి పోసి ఆవిడ చేతిలో పెట్టాను. "తాతా, ఇంకో గ్లాసు కూడా నాకేనా?" అంది నవ్వుతూ.

"అలాగేనమ్మా," అన్నాడు. ఈసారి ఆయనకి వినబడే అన్నాడు.