గుండిగ గరిటె

గరిటెతో కాస్త కూర తీసి అరచేతిలో ఒంపుకొని గుండిగ నాలుక చాపాడు. చాపిన నాలుకను అలాగే వెనక్కి లాక్కున్నాడు. అరచేతిలోది తొట్టిలో కడిగేశాడు.

అతని అసలు పేరు ఫ్యాక్టరీ గేటు కాపలావాడికి కూడా తెలియదు. క్యాంటీన్ వంటవాడు, మనిషి వంటపాత్రంత; అందుకని గుండిగ. ఒకసారి అతను కూర్చున్న స్టూలు నేలలో దిగబడి కింది అంతస్తువాళ్ళకు బల్లగా పనికొచ్చిందంటారు. కింద అంతస్తే లేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ వంటింట్లో చట్టం ఒక్కటే: రుచి చూసేది గుండిగ. అతను తల ఊపితేనే పొయ్యి ఆరుతుంది.

కానీ మోకాళ్ళు అరిగిపోయాయి. బరువు తగ్గితేనే ఆపరేషన్, లేకపోతే ఇక కుర్చీయే గతి అన్నాడు డాక్టరు. రెండు రకాల సూదులు చూపించాడు. ఒకటి రోజూ పొడుచుకునేది, ఇంకొకటి వారానికోసారి. రెండోదానితోనే బరువు ఎక్కువ తగ్గుతుందన్నాడు. మొదటిది బావమరిది వాడుతున్నాడు.

"నా సూది రోజుకూలీ బావా, పడకపోతే రేపట్నించి రావద్దంటే సరి. ఆ వారం సూది కొత్తల్లుడు. దిగాడంటే వారం దాకా కదలడు," అన్నాడతను.

గుండిగ కొత్తల్లుణ్ణే తెచ్చుకున్నాడు. ఆకలి చచ్చింది, బెల్టుకు కొత్త బెజ్జాలు పడ్డాయి. నూనె వాసన మాత్రం పగబట్టింది, ఏదీ నోట పెట్టనివ్వదు. పనిలో ఎవరికీ చెప్పలేదు. నాలుక లేని వంటవాణ్ణి ఎవరు ఉంచుకుంటారు?

ఇవాళ చేతి అలవాటు కొద్దీ ఉప్పు వేశాడు. వేశానా లేదా అని గుబులు పుట్టి మళ్ళీ వేశాడు. అవతల పళ్ళాల చప్పుడు మొదలైంది.

"ఏంటి తమ్ముడూ ఆ చెమటలు? కూర పొయ్యి మీదుందా, నువ్వున్నావా?" అంది కూరగాయలు తరిగే అక్క.

అతను గరిటె ఆమె చేతిలో పెట్టాడు. ఇన్నేళ్ళలో అది ఇంకో చేతికి వెళ్ళలేదు.

ఆమె రుచి చూసి, గొంతు తగ్గించింది. "సముద్రానికి మేనమామలా ఉంది. ఉడికిన దుంపలు ఇంకొన్ని అందులో వేసి, నీళ్ళు పోద్దాంలే. ఎన్నాళ్ళనుంచి ఇలా?"

"సూది మొదలెట్టినప్పట్నించి. మానేస్తే నాలుకొస్తుంది. కాళ్ళు పోతాయి."

"కాళ్ళుంచుకో. నాలుక నాకూ ఉందిగా, నువ్వెప్పుడు రుచి చూడనిచ్చావు?"

అతను తలుపు చాటున నిలబడి భోజనాలు అయ్యేదాకా తొంగి చూశాడు. ఎవరూ మొహం చిట్లించలేదు. పైగా ఒకరు మారు వడ్డించుకున్నారు. గండం గడిచిందన్న ఊరట ఓ పక్క, తన నాలుక లేకుండానే గడిచిందన్న ముల్లు ఇంకో పక్క.

మేనేజరు దగ్గరకు వెళ్ళి, సరుకుల గదిలో కూర్చుని చేసే పని అడిగాడు. దొరికింది. ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించాడు. గోడ పట్టుకుని, పొయ్యి వైపు చూడకుండా వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. కొత్తల్లుడు మళ్ళీ దిగేది ఆ సాయంత్రమే.

గరిటె పొయ్యి పక్కనే ఉండిపోయింది. దాని చెక్క పిడి మీద అతని బొటనవేలు అరగదీసిన గుంట ఉంది. అక్క తన వేలు అందులో ఆనించి చూస్తే, ఇంకో వేలికి చోటు మిగిలింది.