పుర్రచేతి బీడీ

"సంజూ, మళ్ల వింటరంట!" అని రవీందర్ వాకిట్లోంచి కేక వేసేసరికి, గిన్నెలో సర్వపిండి ఒత్తుతున్న సంజన పిండి చేతులతోనే బయటికి ఉరికింది.

పెళ్లయి ఇరవై మూడు రోజులు. కాలి మెట్టెలు గచ్చు మీద టకటకమంటే ఆమెకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎవరో వెనకే వస్తున్నారనుకుని రోజుకు రెండుసార్లయినా తిరిగి చూసుకుంటుంది. బోధన్‌లో అత్తగారింటి వెనక కాలువ గట్టు, గట్టు కింద మిగిలిన నాలుగు చెరుకు మళ్లు, పొద్దున్నే మంచుకు తడిసిన ఆ ఆకుల గరగర, అన్నీ తన కోసమే కొత్తగా తెచ్చి పెట్టినట్టు మురిసిపోతుంది. ఆ మురిపెం అడుగున మాత్రం ఒక నిప్పుకణిక ఉంది. మూడు నెలలుగా దాన్ని ఆరనివ్వకుండా ఊదుతూనే ఉంది.

రవీందర్ తను పనిచేసిన ఓడ కంపెనీ నుంచి వచ్చిన మెయిల్ చదివి వినిపించాడు. రేపు పదకొండు గంటలకు వీడియోలో విచారణ. ఇటు రవీందర్, అటు అతని మీద నింద వేసిన ప్రయాణికుడు, మధ్యలో కొత్తగా వచ్చిన భద్రతాధికారి. కొత్త సాక్ష్యం ఉంటే చూపించుకోవచ్చు. లేకపోతే సస్పెన్షన్ కాస్తా తొలగింపు అవుతుంది.

"నిన్నటి దాంక తలుపే లేకుండె. ఇయ్యాల తలుపు తీసిండ్రు" అంటూ సంజన అతని బుగ్గకు పిండి పూసేసింది.

రవీందర్ ముంబై నుంచి సముద్రంలోకి పోయే విహార ఓడ మీద భద్రతా సిబ్బందిలో పనిచేసేవాడు. పన్నెండు అంతస్తుల ఓడ. పొగ తాగాలంటే పై అంతస్తులో ఒక మూల ఉంది, అక్కడే. గదుల్లో గానీ బాల్కనీల్లో గానీ అగ్గిపుల్ల గీస్తే తప్పు. "ఇల్లు కాలితే వాడకట్టులకు ఉరుకొచ్చు. నడిసముద్రంల ఓడ కాలితే ఎటు ఉరుకుతం?" అని అతడు పెళ్లిచూపుల్లోనే చెప్పాడు. ఆ ఒక్క మాటకే ఒప్పుకున్నానని సంజన అందరితో చెప్పుకుంటుంది.

మూడు నెలల కింద, ఖరీదైన గదిలో దిగిన ఒక పెద్దమనిషిది నిజామాబాదని తెలిసి రవీందర్ పొంగిపోయాడు. చుట్టూ నీళ్లే ఉన్నచోట సొంతూరి యాస వినబడితే నోరు ఊరుకుంటుందా? "మాది బోధనే సార్! నాకు సంబంధం ఖాయమైంది. మా అయ్యేటి అత్తమ్మ మీ నిజామాబాద్‌లనే బీడీలు చేస్తది" అని, అడగకపోయినా ఇంటి గుట్టంతా విప్పేశాడు.

మర్నాడు పై బాల్కనీ నుంచి ఎవరో విసిరిన బీడీ ముక్క కింది బాల్కనీలో ఆరేసిన తువ్వాలు మీద పడింది. తువ్వాలు కాలి, కుర్చీ అంటుకోబోయింది. రవీందర్ ఉరికిపోయి ఆర్పాడు. ముక్కను కవర్లో పెట్టి సీలు వేయించాడు. పై గది తలుపు కొడితే లోపల పొగ గుప్పుమంది. ఆ గది పెద్దమనిషిదే. తక్కిన సిబ్బంది వచ్చేలోపు ఆయన బాల్కనీ తలుపు బార్లా తెరిచి పొగనంతా సముద్రానికి అప్పగించేశాడు.

"నేను వక్కపలుకు గూడ ముట్ట. నా అసుమంటోడు బీడీ తాగుతడా? గీ పిలగాని అత్తగారింట్ల బీడీలే చేస్తరు, వాడే చెప్పిండు. గా ముక్క వాని జేబులదే" అన్నాడు.

కంపెనీవాళ్లు ఆయన బట్టలు చూశారు, బీడీ ముక్కను చూశారు. రెండింటికీ పొత్తు కుదరదనుకున్నారు. తర్వాతి రేవులో రవీందర్‌ను దించేశారు.

ఆ పెద్దమనిషి పేరు రవీందర్ పెళ్లానికి కూడా చెప్పలేదు. ప్రయాణికుల పేర్లు బయట చెప్పకూడదని రూలు. "నిన్ను నీళ్లల్ల ముంచినోని పేరు గూడ దాస్తవా? నీ నిజాయితీ సల్లగుండ!" అని సంజన ఎన్నిసార్లు దెప్పినా నోరు మెదపలేదు.

"రేపు నా నౌకరి నాకు వస్తే సాలు సంజూ."

"నాకు సాలదు. ఆయన నోటితోని ఆయనే దొరకాలె. ముఖం మాడిపోవాలె. గది నేను కండ్లార సూడాలె."

మెయిల్‌కు జతగా ఒక ఫోటో వచ్చింది. ఆనాటి బీడీ ముక్క. సంజన చేయి తుడుచుకుని, రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"గిది పుర్రచేతి బీడీ" అంది మెల్లగా.

కుడిచేత్తో బీడీ చుట్టేవాళ్లందరికీ ఆకు ఒకే దిక్కుకు తిరుగుతుంది. ఈ ముక్కలో మాత్రం ఆకు ఎదురు దిక్కుకు తిరిగింది, దారం కూడా ఎదురుగానే చుట్టుకుంది. దారం కొసను గోటితో లోపలికి నొక్కిన చిన్న సొట్ట ఒకటి ఉంది. చిన్నప్పుడు పలక మీద అక్షరాల కంటే ముందు సంజన తల్లి చేటలో ఆ సొట్టనే చూసింది.

"గిది మా అవ్వ చేసింది."

రవీందర్ ఫోన్‌లోకి వంగి చూశాడు. "అంటే మా అత్తగారింటి బీడీ అని ఆయన అన్నదే నిజమైతది గద! రేపు నువ్వే నన్ను ముంచుతవేమో!"

లోపల సర్వపిండి మాడిన వాసన వచ్చింది. ఇరవై మూడు రోజుల్లో మొదటిసారి సంజనకు నవ్వు రాలేదు. మళ్లీ ఫోటో చూసింది. ఎర్రదారం పక్కనే పచ్చదారం కూడా ఉంది.

"మా అవ్వ ఎన్నడూ రెండు దారాలు కట్టదు. ఐదేండ్లు నేను హైదరాబాద్ హాస్టల్ల ఉంటి, గీ ముచ్చట నాకు తెల్వదు. లెవ్, నిజామాబాద్ పోదాం పా."

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దిగులులో కూడా ఆ సీటుకు సంజన లోలోపల సంబరపడింది. బస్టాండులో కొన్న మొక్కజొన్న పొత్తును సగం విరిచి మొగుడికిచ్చి, తన సగాన్ని ఆ పెద్దమనిషి మెడ అనుకుని కొరికింది. ఉప్పూ నిమ్మకాయా బాగా పట్టాయి.

తల్లి రాధాబాయి గడపలో కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. సెలవు మీద వచ్చిన అల్లుడనే ఆమె ఇంకా అనుకుంటోంది. "అల్లుడొచ్చిండు, చక్కెర ఎక్కువెయ్యాలె" అని చాయ్ పెట్టి ఇచ్చేదాకా సంజన ఓపిక పట్టింది. తర్వాత ఏమీ చెప్పకుండా ఫోన్ ముందు పెట్టింది.

"అవ్వా, గిది ఎవలు చేసిన బీడీ?"

రాధాబాయి కళ్లు చిట్లించింది. "నేనే. నా చెయ్యి నాకెరుక గాదా? గిది ఆత్మారాం సేట్ ఇస్పెషల్ బీడీ. ఎవలు తీసిండ్రే ఫోటువ? దారం దాంక తాగిండు సూడు, పిసినారి!"

రవీందర్ తాగబోయిన చాయ్ కప్పును కింద పెట్టేశాడు. ఆ పేరు అతడు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. కానీ సంజన అతని ముఖం చూసింది, ఇక చెప్పడానికేమీ మిగల్లేదు.

"ఆయనేనా?"

"నేనేం అనలే" అన్నాడు రవీందర్ నేల చూస్తూ.

"అనకు. నీ రూలు నీ దగ్గరనే ఉండని."

రాధాబాయి ఇరవై రెండేళ్లుగా ఆత్మారాం సేట్ బీడీ కార్ఖానాకే బీడీలు ఇస్తోంది. తెచ్చిన బీడీల్లో బాగాలేవని తీసి అవతల పడేసేవాటిని ఛాట్ అంటారు. సేట్ ఆమె చేటలోంచి పిడికిళ్లకు పిడికిళ్లు ఛాట్ తీసేవాడు. "పుర్రచేతి బీడీ శని. దుకాన్ల వెడితే గిరాకి రాదు" అని పదిమంది ఆడవాళ్ల ముందు అనేవాడు. రెండేళ్ల కింద ఒకరోజు ఆమె మరిచిపోయిన కత్తెర కోసం వెనక్కి వెళ్తే, సేట్ తన గదిలో ఆ ఛాట్ బీడీయే కాలుస్తూ కనిపించాడు.

"సిగ్గు గూడ పడలే బిడ్డా. 'వీటి దమ్మే వేరే, రాధాబాయ్' అన్నడు. అప్పటి నుంచి శుక్రారం శుక్రారం ఒక కట్ట నేనే చేసి, ఆయన చేతుల్నే పెట్టాలె. వేరే బీడీలల్ల కలవకుంట రెండు దారాలు కట్టుమన్నడు. అందరి ముందట శని, సాటుకు దమ్ము! మూడు నెలల కింద ఓడ ఎక్కుతున్ననని నాలుగు కట్టలు ఎక్కువ చేయించుకున్నడు."

సంజన మొత్తం చెప్పేసింది. తువ్వాలు, సీలు కవరు, జేబులదే అన్న మాట, ఒడ్డున దించేసిన సంగతి, రేపు పదకొండుకు వీడియోలో జరిగే విచారణ, అన్నీ. వింటున్నంతసేపూ రాధాబాయి కత్తెర ఆడుతూనే ఉంది. చివరికి ఆగింది.

"నేను చేసింది, ఆయన తాగింది, నా అల్లుని జేబుల వెట్టిండా?"

"ఆయనకు నువ్వెవలో తెల్వదా అవ్వా?"

"పెండ్లి కార్డు ఇస్తే ఇప్పి గూడ సూడకుంట సొరుగుల ఏసిండు. సూస్తే అల్లుని పేరు కనవడు. ఇరవై రెండేండ్లల్ల నా మొఖమే సరిగ సూడలే, నా ఇల్లెట్ల ఎరుకుంటది?"

రవీందర్ నెమ్మదిగా అన్నాడు. "అత్తమ్మా, మీరు ఒక కాయితం మీద రాసిస్తే సాలు. పంపుత."

"అత్త రాసిన కాయితం ఎవలు నమ్ముతరు?" అంది సంజన. "అల్లుని కోసం రాసిందంటరు. ఆయన చెయ్యే ఆయనను పట్టియ్యాలె." ఆ మాట అన్నాక తల్లి వైపు చూసి గొంతు తగ్గించింది. "కని అవ్వా, నిన్ను కార్ఖానాల నుంచి తీసేస్తడు. జర ఆలోచించు."

"తీసేస్తే ఇంకో కార్ఖానా. చెయ్యి నాది గద, సేట్‌ది గాదు గద" అంది రాధాబాయి. తన ఎడమచేతిని అటూ ఇటూ తిప్పి, ఎన్నాళ్లకో ఎదురుపడ్డ చుట్టాన్ని చూసినట్టు చూసుకుంది. "రేపేం వారం?"

"శుక్రవారం" అని, ఆ మాట నోట్లో ఉండగానే సంజన ఆగిపోయింది. ఆమె కళ్లు మెరిశాయి. "అవ్వా! శుక్రవారం!"

"పదకొండు గంటలకు సేట్ ఏడ కూసుంటడు?" అని అడిగింది రాధాబాయి.

"కార్ఖానాల, కంప్యూటర్ ముందట. మెయిల్ల రాసి ఉంది" అన్నాడు రవీందర్. పేరు చెప్పలేదు గనక రూలు తప్పలేదని తనకు తాను చెప్పుకున్నట్టు ఉంది అతని ముఖం.

సంజన పకపకా నవ్వింది. మెట్టెలు చప్పుడయ్యేలా లేచి, గూట్లోంచి ఎర్రదారం ఉండ, పచ్చదారం ఉండ తెచ్చి తల్లి ముందు పెట్టింది. ఆ రెండు రంగులూ పక్కపక్కన ఎంత ముద్దుగా ఉన్నాయో అనిపించిందామెకు. రాధాబాయి చేటలో ఉన్న వాటిలో మంచి ఆకు ఏరింది. తంబాకు నింపి, ఎదురు దిక్కుకు తిప్పి, రెండు దారాలూ చుట్టి, కొసను గోటితో నొక్కింది. సొట్ట పడింది. పొద్దు వాలేలోగా కట్టకు కావలసిన ఇరవై ఐదు బీడీలూ అయ్యాయి. ఇరవై రెండేళ్లలో అంత ఇష్టంగా ఆమె ఏ కట్టా చేసి ఉండదు.

కట్టను అరచేతిలో పెట్టుకుని రాధాబాయి అల్లుడి వైపు తిరిగింది.

"ఇగో బిడ్డా, రేపు నువ్వు మర్యాదగనే అడుగు. బీడీ ముట్టరా సార్ అను. ముట్టనని ఆయన మీ ఓడ పెద్దసారు ముందట ఒట్టు వెట్టుకోవాలె. గంతే, మిగిలింది నాకిడిసిపెట్టు. నేను పదకొండు కొట్టంగనే ఆయన దర్వాజ కాడ నిలవడ్త. ఒట్టు చెవుల వడంగనే లోపల్కి పోత. 'సేట్, మీ ఇస్పెషల్ కట్ట తెచ్చిన. ఓడ మీద గా నాలుగు కట్టలు సరిపోయినయా?' అంట. ఆయన ఎన్నడూ నా దిక్కు సూడడు, అలవాటుగ చెయ్యి సాపుతడు. గా చేతుల, కెమెరా ముందట, రెండు దారాలు కనవడేటట్టు వెడ్త."