పరంజ్యోతిని దాచిన తెర

నేను ఒక నాటకాల తెరను. ముదురు మెరూన్ రంగు మఖమల్ గుడ్డతో రెండు సగాలుగా కుట్టిన తెరను. తాడు లాగితే చెరో పక్కకు జరిగి, మళ్లీ లాగితే వచ్చి కలుసుకుంటాను. పుట్టినప్పటి రంగు ఇప్పుడు నా మడతల లోపల తప్ప ఎక్కడా కనిపించదు.

నా గుడ్డ బెజవాడలో కొన్నారు. కుట్టింది మాత్రం రేపల్లెలోనే, మస్తాన్ సాహెబ్ అనే దర్జీ. ఆయన కొట్లో నేను పట్టకపోతే బడి వరండాలోకి మిషను మోయించుకుని మరీ కుట్టాడు. పైన పసుపు దారంతో ‘వెన్నెల నాటక సమాజం’ అని రాయమన్నారు. అంతలో గుడ్డ ఇప్పించిన రైసుమిల్లు యజమాని వచ్చి, చనిపోయిన తన తండ్రి పేరు కూడా ఉండాలన్నాడు. తీరా అయ్యాక చూస్తే ఆ పెద్దమనిషి పేరు నా గుండెల మీద నిండుగా ఉంది, సమాజం పేరు కింద అంచు దగ్గర ఒదిగి ఉంది. మొదటి ప్రదర్శన నాడు ముందు వరసలో ఒకాయన ఆ పేరు చదివి, నాటకం పేరే అదనుకుని పక్కవాడికి కథ కూడా ఊహించి చెప్పాడు.

తెరగా బతకడంలో ఒక సుఖం ఉంది. మనుషుల రెండు ముఖాలూ నాకే తెలుస్తాయి. స్టేజీ మీద ముగ్గురిని ఒంటిచేత్తో కొట్టే వేషగాడు, అంతకు ముందు నా చాటున నా అంచు పట్టుకుని గడగడ వణికేవాడు. పట్టుకున్న చెయ్యి చెమట నాకు అంటేది. అలాంటి చేతులు ఎన్నో పట్టుకున్నాయి నన్ను. వాటిలో నేను మరచిపోని చెయ్యి పరంజ్యోతిది.

పరంజ్యోతి మా ఊరి ప్రభుత్వాసుపత్రికి నర్సుగా వచ్చింది. అప్పటిదాకా మా సమాజంలో ఆడవేషాలకు బయటి ఊళ్ల నుంచి నటీమణులను పిలిపించేవారు. వాళ్లు సాయంత్రం రైలుకు దిగి, వేషం కట్టి, పొద్దున రైలుకు వెళ్లిపోయేవారు. ఊళ్లోనే ఉద్యోగం చేసుకునే ఆడమనిషి నాటకం ఆడడం అన్నది లేదు. క్రిస్మస్‌కు చర్చి ఆవరణలో వేసిన చిన్న నాటికలో ఆమెను చూసి, మార్కండేయులు ఆసుపత్రికే వెళ్లి అడిగాడు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. మా సమాజానికి దర్శకుడు, కార్యదర్శి, నా తాడు లాగే మనిషి, అన్నీ ఆయనే.

“నాకు నటించడం రాదండీ. సూది మందంటే భయపడే వాళ్లకి కబుర్లు చెప్పడం వచ్చు” అన్నదట ఆమె.

“నేను అడిగేదీ అదేనమ్మా” అన్నాడట ఆయన.

ఆమె గొంతు గురించి చెప్పాలి. అరిచేది కాదు, పాడినట్టు సాగదీసేది కాదు. మామూలుగా మాట్లాడినట్టే ఉండేది. కానీ ఆ మాట చివరి వరసలో వేరుశనక్కాయలు వలుచుకుంటున్న వాడి చెయ్యి ఆపేది. మైకు చెడిపోయిన రోజున కూడా ఆమె వేషానికి ఇబ్బంది రాలేదు. నాటక పరిషత్తు పోటీలకు నన్ను కూడా మూటగట్టి వెంట తీసుకెళ్లేవారు. ఎక్కడికి వెళ్లినా, నాటకం అయ్యాక నలుగురు ఆడవాళ్లు స్టేజీ వెనక్కి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని నిలబడి వెళ్లేవారు.

తర్వాత ఆమె మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు మాత్రం పోయింది. పూర్తిగా పోలేదు, బొంగురుపోయి, ఊపిరిలో కలిసి, పక్కనున్న మనిషికి మాత్రమే వినిపించేంత మిగిలింది.

నెలలు గడిచాక, కాస్త నయమైందనుకుని ఒక నాటకానికి ఒప్పుకుంది. మైకు దగ్గరగా నిలబెడదాం, ఫరవాలేదు అన్నాడు మార్కండేయులు. మొదటి సీన్లోనే వెనక నుంచి “ఇనపళ్లా!” అని ఒక కేక. ఇంకో కేక. ఎవరో ఈల వేశారు. ఆమె గొంతు పెంచబోయింది, అది విరిగింది, జనం నవ్వారు. అప్పుడు మార్కండేయులు నా తాడు లాగేశాడు. సీను మధ్యలోనే నేను వచ్చి ఆమె ముందు మూసుకున్నాను.

ఆమెను కాపాడుదామనే లాగాడని ఆయన ముఖం చూసిన నాకు తెలుసు. ఆమె మాత్రం చూసింది నన్నే. మూసుకుపోయిన నన్ను కాసేపు చూసి, రంగు కూడా తుడుచుకోకుండా పక్క మెట్ల మీదుగా వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆయన రెండుసార్లు వాళ్ల ఇంటికి వెళ్లాడు. కాఫీ ఇచ్చింది, నాటకం మాట ఎత్తనివ్వలేదు.

ఆమె వెళ్లాక సమాజం ఇంకొన్నాళ్లు నడిచి ఆగిపోయింది. ఇంటింటికీ టీవీలు వచ్చాయి. మార్కండేయులుకు బదిలీ అయింది. సామాను ఎవరింట్లో పెట్టాలో తేలక, నన్ను సుభానీ అనే షామియానాలు అద్దెకిచ్చే ఆయనకు ఇచ్చేశారు.

అక్కడ నాకు లోకజ్ఞానం వచ్చింది. పెళ్లి రిసెప్షన్లలో కుర్చీల వెనక వేలాడాను. రాజకీయ సభల్లో వేలాడాను. అక్కడ కూడా నటులే, కాకపోతే రిహార్సల్ చేసుకుని వచ్చేవాళ్లు తక్కువ. వానాకాలంలో బియ్యం బస్తాల మీద కప్పారు. నా పసుపు అక్షరాలు ఎవరికీ అక్కర్లేదు గనక నన్ను ఎప్పుడూ తిప్పి కట్టేవారు. రైసుమిల్లు పెద్దాయనా, నాటక సమాజమూ గోడ వైపు తిరిగి ఉండేవారు.

ఇరవై ఏళ్లు దాటాక ఒక సాయంత్రం నన్ను ప్రభుత్వాసుపత్రి ఆవరణలో కట్టారు. ఎవరిదో పదవీ విరమణ సభ. ముందు కుర్చీలో దండ వేయించుకుంటూ కూర్చున్న మనిషి పరంజ్యోతి. జుట్టు తెల్లబడింది. డాక్టర్లు ఒకరి తర్వాత ఒకరు లేచి ఆమె సేవల గురించి మాట్లాడారు. ఆమెను మాట్లాడమంటే దండం పెట్టి ఊరుకుంది. సభ అయ్యాక అందరూ టిఫిన్ల వైపు నడుస్తుంటే, ఆమె కుర్చీ లోంచి లేస్తూ ఆసరాకని వెనక్కి చెయ్యి చాపి నా మడత పట్టుకుంది.

పట్టుకున్న చెయ్యి వదల్లేదు. వేళ్లతో గుడ్డను నలిపి చూసింది. నా వెనక్కి వచ్చి, అంచు తిప్పి అక్షరాలు చదివింది. అలాగే నన్ను పట్టుకుని నిలబడింది, ఎంట్రీ కోసం ఎదురుచూసేటప్పుడు నిలబడినట్టు.

సుభానీ వచ్చి, “ఏందమ్మా, చిరిగిందా?” అన్నాడు.

“ఇది మాది సుభానీ” అన్నది బొంగురు గొంతుతో.

“మీదైతే తీసుకుపోండమ్మా. మా పిల్లలందర్నీ మొదట ఎత్తుకున్నది మీరే. గుడ్డకి అడ్డం చెప్తానా?”

మార్కండేయులు కూడా ఉద్యోగం ముగించుకుని ఊరికి వచ్చేశాడని, గ్రంథాలయం మేడ మీద కొత్తవాళ్లతో మళ్లీ నాటకం మొదలుపెట్టాడని ఆమె వినే ఉంది. ఎన్నడూ అటు వెళ్లలేదు. నన్ను అప్పగించి వచ్చేద్దామని ఆటోలో వేసుకుని వెళ్లింది. ఆటో ఆయన నన్ను మేడ మీదికి మోస్తుంటే రిహార్సల్ ఆగిపోయింది. మార్కండేయులు కళ్లజోడు సర్దుకుని, ముందు నన్ను చూశాడు, తర్వాత ఆమెను చూశాడు.

“కూర్చోండి జ్యోతిగారూ” అన్నాడు.

“లేదండీ. ఇచ్చిపోదామని వచ్చా.”

“ప్రాంప్టింగుకి మనిషి లేడు. ఈ ఒక్కపూట.”

నటులు మాట మరిచిపోతే పక్క నుంచి అందించడమే ప్రాంప్టింగు. దానికి పెద్ద గొంతు అవసరం లేదు, చిన్న గొంతే కావాలి. ఆమె కూర్చుంది. మర్నాడు పిలవకుండానే వచ్చింది. ఆ మర్నాడు ఇంట్లో చేసిన చేగోడీలు డబ్బాలో పోసుకుని వచ్చింది.

వాళ్లు వేస్తున్న నాటకం పేరు ‘తిరిగొచ్చిన పడవ’. ఇద్దరు స్నేహితులు చేపల వేటకు సముద్రం మీదికి వెళతారు. తుఫానులో ఒకడు పోతాడు, రెండోవాడు పడవతో తిరిగొస్తాడు. వాడే చంపాడని ఊరంతా అనుమానిస్తుంది. చివరి సీనులో పోయినవాడి తల్లి దగ్గరికి ఆ రెండోవాడు వచ్చి నిలబడతాడు. ఆ తల్లి వేషానికి ఎవరూ కుదరలేదు. పరంజ్యోతి నడుస్తుంటే, కూర్చుంటుంటే, కొంగు బిగిస్తుంటే మార్కండేయులు చూస్తూ ఉండేవాడు. చివరికి అడిగాడు.

“నా గొంతు సంగతి మీకు తెలవదా?” అన్నది ఆమె. కోపంగానే అన్నది.

అప్పుడు హిమజ ఒక మాట చెప్పింది. కొత్తవాళ్లలో ఒకతె, బ్యాంకులో పనిచేసే అమ్మాయి, చక్కని గొంతు. “ఆంటీ, మీరు వేషం వెయ్యండి. నేను తెర చాటున కూర్చుని మైకులో డైలాగులు చెప్తా. మీరు పెదవులు కదిపితే చాలు.”

పరంజ్యోతి చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది. గొంతు లేకుండానైనా స్టేజీ ఎక్కాలని ఆమెకు అంత ఆశగా ఉందని నాకు అప్పుడే తెలిసింది.

రిహార్సల్స్ బాగా సాగాయి. హిమజ పొల్లు పోకుండా, ఆమె పెదవులకు సరిగ్గా అందేటట్టు చెప్పేది. కానీ పరంజ్యోతికి ఉత్త పెదవులు కదపడం చేతకాదు. గొణుగుతున్నట్టు మాట కూడా అనేది. ఆ సన్నని మాట నా పక్కనున్న హిమజకు వినిపించేది. ఒకరోజు ఆమె మైకు దించేసి, “మాస్టారూ, ఆంటీ అంటున్నదే బాగుంది. నాది పాఠం అప్పజెప్పినట్టుంది” అన్నది.

“బాగుంటే ఏం లాభమమ్మా, వినపడొద్దూ?” అన్నది పరంజ్యోతి.

ప్రదర్శన హైస్కూలు ఆవరణలో. పొద్దు వాలుతుండగా మొదలుపెట్టారు. ఊళ్లో నాటకం చూసి ఎన్నేళ్లయిందోనని జనం బాగానే వచ్చారు. ఆసుపత్రి వాళ్లంతా వచ్చారు. నన్ను ఉతికి, చిరుగులు కుట్టి, ఈసారి అక్షరాలు బయటికి కట్టారు. తాడు దగ్గర మార్కండేయులు నిలబడ్డాడు. పక్కకు జరిగిన నా మడతల చాటున హిమజ మైకుతో కూర్చుంది. నటులు దాక్కోవడం నాకు అలవాటే. కానీ ఒక మనిషి గొంతును ఇంకొకరి గొంతు చాటున దాచడానికి నన్ను వాడడం నాకు నచ్చలేదు. తెరను కదా, నన్ను అడిగేదెవరు?

నాటకం నడిచింది. జనం చప్పట్లు కొట్టారు. పరంజ్యోతి గొంతు బాగుపడిందే అని ఆసుపత్రి వాళ్లు ముందు వరసలో మురిసిపోయారు. ఆ మాట నాకు వినిపించింది. ఆమెకూ వినిపించి ఉండాలి, ఎందుకంటే చివరి సీనుకు ముందు ఆమె నా దగ్గరికి వచ్చి హిమజ భుజం మీద చెయ్యి వేసింది.

“ఈ సీను నేను చెప్పుకుంటా. నువ్వు ఊరుకో తల్లీ.”

“ఆంటీ, వెనకాల వాళ్లకి…”

“తెలుసు.”

ఆమె వెళ్లి గుడిసె ముందు కూర్చుంది. తిరిగొచ్చినవాడు తల వంచుకుని వచ్చి నిలబడ్డాడు. ఆమె తల ఎత్తి అడిగింది. “వచ్చావా అయ్యా. అన్నం తిన్నావా?”

వెనక నుంచి “ఇనపళ్లా!” అని కేక లేచింది. మరో రెండు కేకలు లేచాయి. ముందు వరస వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. హిమజ మైకు నోటి దాకా తెచ్చుకుంది. మార్కండేయులు చెయ్యి తాడు మీద బిగుసుకుంది. ఆ బిగువు నా పైఅంచు దాకా తెలిసింది. పరంజ్యోతి అటు చూడలేదు. గొంతు పెంచనూ లేదు. ఆ తల్లి ఎలా కూర్చుంటుందో అలాగే, ఎదురుగా ఉన్నవాడిని చూస్తూ కూర్చుని ఉంది.

మార్కండేయులు తాడు వదిలేసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

చివరి వరసలో ఒక ముసలామె లేచింది. చెప్పులు చేత్తో పట్టుకుని, కుర్చీల మధ్యగా ముందుకు నడిచి, స్టేజీ కింద మట్టిలో కూర్చుంది. ఆమె వెనక ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. పిల్లలను చంకనేసుకుని మరికొందరు వచ్చారు. కాసేపటికి కేకలు వేసిన మగవాళ్లు కూడా వచ్చి, గొంతుక్కూర్చున్నారు. వెనక కుర్చీలు ఖాళీ అయ్యాయి. జనమంతా స్టేజీ కిందికి ఒత్తుకుని చేరారు. వాళ్లందరూ సర్దుకునే దాకా ఆమె ఆగింది. తొందరపడలేదు. ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి అడిగింది.

“వచ్చావా అయ్యా. అన్నం తిన్నావా?”

రోజుల తరబడి ఏడ్చి ఏడ్చి అరిగిపోయిన తల్లి గొంతు అది. “నువ్వొక్కడివే వచ్చావని ఊరంతా అంటంది. నేనా మాట అనను. ఇద్దరూ పోతే నాకు ఈ కబురన్నా ఎవడు చెప్పేవాడు?” అని ఆమె అంటుంటే, ఎదురుగా ఉన్న కుర్రనటుడు తన మాట మరిచిపోయి నిజంగానే ఏడ్చాడు. ప్రాంప్టింగు చెయ్యాల్సిన మనిషి స్టేజీ మీదే ఉంది. ఆమె వాడి తల దగ్గరికి తీసుకుని, వాడి మాట కూడా తానే అనేసి సీను నడిపించింది. అది జనానికి తెలియలేదు. చూసిన నాకు మాత్రం ఎంతో గర్వంగా అనిపించింది.

చప్పట్లు వెంటనే రాలేదు. నేను నెమ్మదిగా వచ్చి మూసుకున్నాక వచ్చాయి. నా వెనక ఆమె కూర్చున్నచోటే కూర్చుని ఉంది. మార్కండేయులు దగ్గరికి వచ్చి నీళ్ల గ్లాసు ఇచ్చాడు. ఆమె తాగి, “చివర్లో కాస్త హడావిడి పడ్డానేమో కదండీ” అన్నది.

ఇప్పుడు మా ఊళ్లో కొత్త హాలు కట్టారు. అక్కడ మీట నొక్కితే జరిగే తెర ఉంది. అది నాకన్నా నిటారుగా, గర్వంగా ఉంటుందని విన్నాను, నేను చూడలేదు. మోయడానికి బరువై, వేలాడదీస్తే చిరిగే వయసొచ్చిన నన్ను, గ్రంథాలయం మేడ మీద రిహార్సల్ గదిలో నేల మీద పరిచారు. మూల ఒకచోట చెద పట్టింది. రైసుమిల్లు పెద్దాయన పేరు మీద ఫ్యాను స్టాండు పెట్టారు.

ఆదివారం సాయంత్రాలు కొత్తవాళ్లు వస్తారు. టీచర్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు, పిల్లలను పెంచి ఇప్పుడే కాస్త తీరిక చిక్కిన ఇల్లాళ్లు వస్తారు. నాకు చేతులే తెలుసు ఇన్నాళ్లూ. ఇప్పుడు పాదాలు తెలుస్తున్నాయి. భయపడేవాడి బొటనవేలు నన్ను ఎలా గీరుతుందో, మాట గుర్తొచ్చినప్పుడు మడమ ఎలా నిలదొక్కుకుంటుందో తెలుస్తోంది. పరంజ్యోతి అందరికంటే ముందు వస్తుంది. గొంతు అలాగే ఉంది, ఏమీ బాగుపడలేదు. ఆమె చెప్పేది వినాలంటే అందరూ దగ్గరికి జరగాల్సిందే. జరుగుతారు. ఆమె గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, నా మీద అడుగు పెట్టి, “రండమ్మా, మొదలెడదాం” అంటుంది. నన్ను ఎవరూ లాగరు. అయినా నాటకం మొదలవుతుంది.