కోతీ ఎలకా కూటమి

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా రాని మార్పుల గురించి బానా కసుబా ఆటగదిలో అప్పుడే కొట్లాట మొదలైంది. కిట్వే ఊళ్ళో చిసోకోనే బజారు వెనక, మంగలి కొట్టుకీ చెప్పుల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న గది అది. నాలుగు పాత కంప్యూటర్లు, కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి ఒక బ్యాటరీ, గుమ్మంలో నూనె మూకుడు. కసుబా అనే పిల్లకి తల్లి కనుక ఆవిణ్ణి ఊరంతా బానా కసుబా అంటుంది. ఆవిడ గుమ్మంలో కూర్చుని పిండి ఉండలు వేయిస్తూ ఉంటుంది. లోపల జనం నక్షత్రాలు ఏలుతూ ఉంటారు.

ఆట పేరు 'ఏడు సూర్యులు'. ఆడేవాళ్ళకి తలా ఒక రాజ్యం. గ్రహాల మీద గనులు తవ్వుకోవాలి, ఓడలు కట్టుకోవాలి, పక్క రాజ్యంతో పొత్తో యుద్ధమో తేల్చుకోవాలి. రాగి గనుల ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఈ ఆట పిచ్చి పట్టడంలో వింతేమీ లేదు. ఆ శనివారం ఆట తయారుచేసేవాళ్ళు రాబోయే మార్పుల ప్రకటన పెట్టారు. గ్రహాల చుట్టూ ఉండే వలయాల్లోనూ గనులు తవ్వుకోవచ్చట. రాజవంశాలు వియ్యమందుకోవచ్చట. ఇంకోటుంది, దాని పేరు 'వినే ప్రజలు'.

"ఏంటి వినేది?" అని అడిగింది కటొంగో. బజారులో జడలల్లే కొట్టు ఆమెది. ఒక జడ సగంలో ఆపి, కూర్చున్నావిడకి ఇప్పుడే వస్తానని చెప్పి పరిగెత్తుకొచ్చింది.

సమాధానం చెప్పడానికి లుబాసి ఉండనే ఉన్నాడు. ప్రతి ప్రకటనకీ అర్థం చెప్పే బాధ్యత తన నెత్తిన తనే వేసుకున్న మనిషి. ఇంతవరకూ అతను చెప్పిన అర్థాల్లో ఒక్కటీ నిజం కాలేదు. అయినా అడగడం ఎవరూ మానలేదు.

"ఇప్పటిదాకా రాజులు రాసుకునే కబుర్లు రాజులకే తెలుసు కదా. ఇకమీదట గ్రహాల మీద జనం కూడా వింటారంట. నువ్వు నీ పొత్తువాణ్ణి తిట్టావనుకో, వాడి జనానికి కోపమొస్తది. కోపం నిండితే పొత్తు దానంతటదే తెగిపోద్ది. ఓడలు ఇళ్ళకి పోతాయి."

"తిట్టంటే?"

"తిట్టంటే తిట్టే."

"ఏది తిట్టో దానికెట్లా తెలుస్తుంది?"

"యంత్రానికి అన్ని భాషలూ నేర్పారంట."

"మన బెంబా కూడానా?"

"అన్నీ అన్నాక బెంబా మాత్రం ఏం పాపం చేసింది?"

మూల కుర్చీలో ఉన్న టాక్సీ డ్రైవరు తల తిప్పాడు. "పాత తిట్లు కూడా లెక్కకొస్తాయా?"

"వస్తాయి," అన్నాడు లుబాసి. తెర మీద కొంచెం కిందకి జరిపి, "రావు," అన్నాడు. ఇంకొంచెం జరిపి, "ఆ సంగతి రాయలేదు," అన్నాడు.

కటొంగో గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆ ఆటలో ఆమె పొత్తు పేరే 'కోతీ ఎలకా కూటమి'.

ఇందులో అవతలివాడు మవూటో జేరే. తూర్పున చిపాటాలో సైకిళ్ళ కొట్టువాడు, ఎన్‌గోనీ జాతి మనిషి. కటొంగోది బెంబా జాతి. బెంబాలకీ ఎన్‌గోనీలకీ వెనకటి కాలంలో యుద్ధాలు జరిగాయి. ఆ యుద్ధాల చివర మిగిలింది సరసం వరస. బెంబా మనిషి ఎదురైతే కోతులు తినేవాడా అనాలి, ఎన్‌గోనీ మనిషి ఎదురైతే ఎలకలు తినేవాడా అనాలి. అన్నవాడికి తప్పు లేదు, పడ్డవాడికి కోపం ఉండకూడదు. కోపం వచ్చిందా, కోడి జరిమానా. ఆటలో మొదటిరోజు సరిహద్దు దగ్గర అతని ఓడలు కనబడితే, ఎక్కడివాడివని అడిగింది కటొంగో. ఒకరి ఊరూ జాతీ ఒకరికి తెలిసీ తెలియగానే, "ఏమే కోతులు తినేదానా, నీ చెట్టు దిగి మాట్లాడు," అని జవాబొచ్చింది. ఆరోజే పొత్తు కుదిరింది. తర్వాత ఎన్ని రాజ్యాలు వాళ్ళ మీదకి వచ్చి పోయాయో గానీ, ఆ పొత్తు మాత్రం చెక్కుచెదరలేదు.

కటొంగోకి ఆ పొత్తు ఆటకి మించినది. ఆమె తల్లి పోయినప్పుడు మవూటో రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాడు. అంతకుముందు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. శ్మశానంలో పెట్టె దించబోతుంటే తువ్వాలు నడుముకి బిగించి గోతిలోకి దిగిపోయాడు. చల్లగా ఉంది, నేనే పడుకుంటాను, ఈ కోతులవాళ్ళకి ఇంత మంచి గొయ్యి ఎందుకు అన్నాడు. సరసం వరసవాళ్ళకి ఆ హక్కుంది. పెద్దలు బతిమాలారు, లేవమని గోతిలోకి చిల్లర వేశారు. ఊహూ, ఆ పిల్ల పిలిస్తేనే లేస్తానన్నాడు. తల్లి కన్నుమూసిన దగ్గర్నుంచి కటొంగో నోట మాట లేదు. అందరూ ఆమె వైపు చూశారు. చివరికి, "లేవరా ఎలకలు తినేవాడా, మా అమ్మకి చోటివ్వు," అంది. అన్నాక నవ్వింది, నవ్వాక ఏడ్చింది. అలాంటి మనిషితో పొత్తు ఏదో యంత్రం తెంపేస్తుందంటే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది.

ఆటగాళ్ళు మాట్లాడుకునే వేదికలోకి వెళ్ళి చూసింది. అక్కడ లోకమంతా అయోమయంగా ఉంది. ఒకడు మార్పు బ్రహ్మాండం అన్నాడు, ఏ మార్పో చెప్పలేదు. ఇంకొకడు వలయాల గనుల గురించి పేజీలు పేజీలు మండిపడి, మిగతావి చదవలేదని చివర్లో ఒప్పుకున్నాడు. జనం వింటే తిరిగి మాట్లాడతారా అని ఒకామె అడిగింది. శత్రువుని పొగిడితే వాడి జనం మనవైపు వచ్చేస్తారా అని మరొకడి ఆశ. కటొంగో కూడా తన బాధ రాసింది. మా పొత్తులో తిట్లే మర్యాద, వాటిని లెక్కలోంచి తీసెయ్యండి అని.

మొదటి జవాబు ఏదో చలిదేశపు మనిషి దగ్గర్నుంచి వచ్చింది. తిట్టేవాడితో పొత్తెందుకమ్మా, వదిలించుకో అని. వాడు మంచివాడు, మా అమ్మ గోతిలో పడుకున్నాడు అని రాసింది కటొంగో. దాంతో పరిస్థితి ఇంకా దిగజారింది. చదివినవాళ్ళంతా అయ్యయ్యో అన్నారు. వాణ్ణి వెంటనే పోలీసులకి పట్టించమని ఒకాయన సలహా. సాయంత్రానికి ఆట తయారుచేసేవాళ్ళే స్వయంగా రాశారు: మీ ఇబ్బంది మాకు అర్థమైంది, మిమ్మల్ని వేధించే పొత్తుదారు ఒక్క నొక్కుతో మాయమయ్యేలా కొత్త మీట పెట్టే ఆలోచన చేస్తున్నాము.

"నేను అడిగిందేంటి, వీళ్ళు ఇస్తానంటున్నదేంటి?" అంది కటొంగో.

"మార్పంటే అంతే," అన్నాడు లుబాసి. "నా మాట విని ఇప్పట్నుంచే నోరు మార్చుకో. నోటికి అలవాటైతే వేళ్ళకీ అలవాటవుద్ది. ఫోన్లో కూడా మర్యాదగా మాట్లాడు."

"ఆ సంగతి ఆ జేరే అబ్బాయితో ఒక ముక్క చెప్పరాదూ?" అంది గుమ్మంలోంచి బానా కసుబా.

చెప్పవచ్చు. కానీ చెబితే వాడు పడీపడీ నవ్వి, వెంటనే ఇంకో పది తిట్లు పంపుతాడు. పాతవీ కొత్తవీ కలిపి లెక్కకొస్తే? ముందు తను మారితే చూసి వాడే మారతాడులే అనుకుంది. తెలివైనవాళ్ళు వేసే తప్పటడుగులు ఇలాగే ఉంటాయి.

ఆ రోజే మవూటో నుంచి కబురొచ్చింది: "ఏమే కోతులు తినేదానా, ఇనుము ఓడలు పంపా. మీవాళ్ళు తెరచాప కొయ్యలు చూసి చెట్లనుకుని ఎక్కుతారేమో, కాస్త కట్టేసుకో."

కటొంగో వేళ్ళు దురదపెట్టాయి. ఓర్చుకుంది. "గౌరవనీయులైన జేరే గారికి, తమ ఓడలు క్షేమంగా చేరాయి. తమ ఆదరణకి మా ప్రజలు కృతజ్ఞులు," అని రాసింది.

తర్వాత, "సరే," అని వచ్చింది.

మర్నాడు ఫోన్ చేశాడు. "ఏంటే, చెట్టుమీంచి పడ్డావా?"

"లేదండీ, బాగానే ఉన్నానండీ. మీరు కులాసానా?"

"ఇంట్లో అందరూ బాగున్నారా?"

"మీ దయవల్ల బాగున్నారండీ."

"నాన్న?"

"బాగున్నారండీ. అడిగినందుకు సంతోషమండీ."

"మంచిదండీ. ఉంటానండీ," అన్నాడు మవూటో, పెట్టేశాడు.

వాడి నోట అండీ వినడం ఆమెకి రుచించలేదు. చూశావా, వాడూ నేర్చుకుంటున్నాడు అని సర్దిచెప్పుకుంది. కానీ ఆ వారమంతా జడలు వంకరగా వచ్చాయి. కొట్టుకి వచ్చినవాళ్ళు అద్దంలో చూసుకుని మళ్ళీ విప్పించుకున్నారు. ఆటలో మవూటో పంపే కబుర్లు రోజురోజుకీ పెళ్ళి శుభలేఖల్లా తయారయ్యాయి. ఒక్కదాంట్లోనూ కోతి లేదు.

శనివారం మధ్యాహ్నం ఆటగదిలో కూర్చుని తన రాజ్యం తెరిచింది. సరిహద్దు పొడవునా ఉండే అతని ఓడలు కనపడలేదు. పొత్తు పేరు ఉండే చోట ఖాళీగా ఉంది.

"లుబాసీ, ఆ మార్పు అప్పుడే వచ్చేసిందా?"

"వచ్చే నెల కదా." వచ్చి వంగి చూశాడు. మొదటిసారి అర్థం చెప్పడానికి తటపటాయించాడు. "ఇది యంత్రం తెంపలేదు. ఆయనే తెంపుకున్నాడు."

కటొంగోకి ఏమీ తోచలేదు. తిట్టలేదు కదా. పల్లెత్తు మాట అనలేదు కదా. ఎక్కడ పొరపాటు జరిగిందో వెతుక్కుంటూ వారం రోజుల కబుర్లూ పైకీ కిందికీ చదివింది. ప్రతిదీ ముత్యంలా ఉంది.

అప్పుడు గుమ్మం దగ్గర మూకుడు పక్కకి జరిపిన చప్పుడైంది. భుజం మీద మొక్కజొన్న పిండి మూటతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మవూటో. మూట దించి, చావింటికి వచ్చినవాడిలా మాట్లాడకుండా నేల మీద చతికిలబడ్డాడు.

"ఇంటికెళ్ళానమ్మా," అన్నాడు బానా కసుబాతో, నెమ్మదిగా. "వాకిట్లో చావింటి నిప్పు లేదు, మగవాళ్ళెవరూ కూర్చుని లేరు. పక్కింటావిడ ఇక్కడికి పంపింది. ఇంతకీ ఎవరు పోయారు?"

"ఎవరు పోతారు నాయనా?"

"మరి ఆ పిల్లకేమైంది? ఒంట్లో బాగోలేదా? పోయేముందు కొందరికి మాట మంచిదైపోద్దంటారు."

కటొంగో కుర్చీలోంచి లేచింది. "నాకేం కాలేదండీ," అంది. నోరు అలవాటు పడిపోయింది మరి.

మవూటో తల దించుకున్నాడు. "అయితే తప్పు నాదే. మా అమ్మ చెప్పింది, వరసైనవాళ్ళు తిట్టడం మానేస్తే పొమ్మన్నట్టేనని. నోటితో చెప్పలేక చెబుతున్నావేమోనని నేనే ఓడలు తీసుకుపోయా. బస్సెక్కాక మనసొప్పలేదు. పోయారేమో ఎవరైనా అని చావింటికిచ్చే పిండి తెచ్చా. ఎవరూ పోకపోతే తప్పేంటో అడిగి పోదామని."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిపోవడం అంటే ఇదే కాబోలు. వినే ప్రజలూ యంత్రమూ పాత తిట్ల లెక్కా, అన్నీ కలిపి గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది కటొంగో. మవూటో ఆమె ముఖం చూశాడు, లుబాసి ముఖం చూశాడు. మధ్యలో లుబాసి మెల్లిగా బయటికి జారుకున్నాడు.

"అంటే," అన్నాడు మవూటో, "నన్ను పోగొట్టుకోకుండా ఉండటానికి నన్ను పరాయివాణ్ణి చేశావు."

"పొత్తు తెగుద్దని భయపడ్డా."

"తెగింది కదా. తెంపించింది ఎవరు?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బానా కసుబా ఒక పొట్లంలో వేడి ఉండలు వేసి మవూటో చేతికిచ్చింది.

అతను లేచి, పక్క కంప్యూటరు ముందు కూర్చున్నాడు. "వరస తప్పినందుకు కోడి జరిమానా. అదటుంచు. పొత్తు కావాలంటే నువ్వే అడగాలి. అక్కడే అడుగు, జనమంతా వినేచోట."

"ఆ మార్పు వస్తే మళ్ళీ తెగుద్దిరా."

"ముందు అడుగు."

కటొంగో రాసింది: "ఒరేయ్ ఎలకలు తినేవాడా, తోక ముడుచుకుని ఏ కలుగులో దూరావు? బయటికి రా."

మవూటో చదివాడు. మీట మీద వేలు పెట్టాడు గానీ నొక్కలేదు. "ఇదేనా? ఇంకొంచెం గట్టిగా. వారం నుంచి ఆకలిగా ఉంది."

ఆమె ఇంకా రాసింది. అతని తాతల్నీ, సైకిళ్ళనీ, వాళ్ళు పుల్లలకి గుచ్చి ఎండబెట్టే ఎలకల్నీ, ఒక్కదాన్నీ వదలకుండా రాసింది. రాస్తున్నంతసేపూ ముక్కు తుడుచుకుంటూనే ఉంది. సరిహద్దు పొడవునా ఓడలు ఒక్కొక్కటే తిరిగి వచ్చి నిలబడ్డాయి.

"వచ్చే నెల యంత్రం తెంపితే?" అంది.

"తెంపనీ. మళ్ళీ తిట్టి పిలువు. నేనెక్కడికి పోతా?"

"నేను పోయినప్పుడు కూడా రావాలిరా. నా గోతిలోనూ పడుకోవాలి."

మవూటో ఉండ ఒకటి నోట్లో వేసుకుని తీరిగ్గా నమిలాడు.

"నీకు గొయ్యెందుకే," అన్నాడు, "చెట్టెక్కిస్తాం."