ఇంకెవరూ లేరన్న మాట

వ్యాపారం మొదలుపెట్టిన నాడు ఏజెంటు చేతిలో పెద్దగా ఏమీ లేదు. ఒక పెద్ద కంపెనీ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ని అమ్మిపెట్టే హక్కు, ఎవరినైనా ఒప్పించే నోరు, తనంటే ప్రాణం పెట్టే బావమరిది. మొదటి రెండూ ఎప్పుడైనా పోవచ్చని తెలుసు. బావమరిదిని మాత్రం స్థిరాస్తి కింద లెక్కేసుకున్నాడు.

ఆ సాఫ్ట్‌వేర్ అంతరిక్ష నౌకలకు దారి లెక్కగడుతుంది. కొనేది ప్రభుత్వం ఒక్కటే. పోటీ లేకుండా ఒక్కరి దగ్గరే కొనాలంటే ముందుగా ఒక నోటీసు పెట్టడం అక్కడి పద్ధతి. ‘ఫలానా వారి దగ్గర కొనబోతున్నాం, ఇలాంటిది ఇంకెవరైనా తయారుచేస్తుంటే తెలియజేయండి’ అని. గడువులోగా ఎవరూ పలకకపోతే కాంట్రాక్టు ఏజెంటుదే. ఇన్నేళ్లలో ఎవరూ పలకలేదు. అదంతా ఉత్త తంతు అని ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లందరి నమ్మకం.

ఈసారి నోటీసును బావమరిది చదివాడు.

“బావా, మేం రాసింది కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది కదా! జవాబు పంపనా?” అన్నాడు, ఏజెంటు ఆఫీసులో కుర్చీ అంచున కూర్చుని. మందుల షాపు పైగదిలో ఇద్దరు స్నేహితులతో కలిసి ఏళ్లుగా ఆ ప్రోగ్రాం మీదే కూర్చున్నాడు. ఈ ఏడు ఒక్క గిరాకీ అయినా తగలకపోతే గదికి తాళమే.

“పంపు, ఎవరొద్దన్నారు? కానీ వాళ్లు ముందే తేల్చేసుకున్నార్రా. మధ్యలో నువ్వు దూరావనుకో, ‘వీడెక్కడ దాపురించాడు’ అంటారు. రేపు నిజంగా పనొచ్చినా నీ పేరు చూసి పక్కన పడేస్తారు.”

“అంతేనంటావా?”

“ఇన్నేళ్లుగా వాళ్ల గడప అరగదీస్తున్నవాణ్ణి, నాకు తెలీదా?”

బావమరిది నవ్వేశాడు. “బతికించావు. నువ్వు చెప్పకపోతే బొక్కబోర్లా పడేవాణ్ణి.”

చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. అందుకే ఏజెంటుకి ఆ పూట అన్నం బాగానే సహించింది.

గడువు దాటాక కొనుగోళ్ల అధికారిణి పిలిపించింది. సంతకాలకే అనుకుని వెళ్లాడు. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“ఎవరూ రాలేదండీ. గడువు పొడిగించి కూడా చూశాను. మీ మీద అనుమానం కాదు. నౌక పైకెళ్లాక ఒక్క లెక్కనే నమ్ముకుంటే, అది తప్పినప్పుడు సరిచూసుకునే దిక్కుండదు. పక్కన రెండోది ఒకటి కొనడానికి విడిగా అనుమతి తెచ్చిపెట్టుకున్నా. ఇవాళ్టితో అది మురిగిపోతుంది. మీరు ఈ లైన్లో పండిపోయినవారు. మీ ఎరికలో ఎవరైనా ఉన్నారా? చిన్నవాళ్లయినా ఫర్వాలేదు.”

పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా బుర్ర తన పని తాను చేసుకుపోయింది. ఈ ఏడు పక్కన కూర్చున్నవాడు వచ్చే ఏడు తన కుర్చీయే అడుగుతాడు. పైగా ఆవిడ ‘నోటీసుకి జవాబెందుకు ఇవ్వలేదు బాబూ’ అంటే, వాడు దాచకుండా ‘మా బావ వద్దన్నాడండీ’ అనేస్తాడు.

“లేరండీ.”

“మీరే లేరన్నాక ఇక వెతకడం దండగ,” అని ఆవిడ సంతకం పెట్టేసింది.

ఏజెంటు కిందిదాకా దిగి, మళ్లీ సగం మెట్లెక్కాడు. పైనుంచి ఎవరో దిగివస్తుంటే, దారివ్వడానికన్నట్టు పక్కకి ఒదిగి, వాళ్ల వెనకే దిగిపోయాడు.

కొన్నాళ్లకి మందుల షాపు పైగది ఖాళీ అయింది. బావమరిది భోజనానికి వచ్చాడు.

“వీణ్ణి మీ దగ్గరే పెట్టుకోరాదూ?” అంది ఏజెంటు భార్య.

“బావ అప్పుడే ఒప్పుకున్నాడులే అక్కా. ఆ నోటీసు జోలికి పోనివ్వకుండా కూడా బావే ఆపాడు. లేకపోతే పరువూ పోయేది,” అన్నాడు వాడు, మనస్ఫూర్తిగానే.

“వీడి మంచీచెడూ చూసేది ఈయనొక్కరే,” అంటూ భార్య భర్త కంచంలో ఇంకాస్త వడ్డించింది. ఏజెంటు వద్దనలేదు.

ఆ ఏడు లెక్క చూసుకుంటే అన్నీ లాభాలే. కాంట్రాక్టు నిలిచింది. పోటీ పుట్టకముందే పోయింది. వెతికినా దొరకని పనివాడు ఎదురు బల్ల దగ్గరే దొరికాడు. వాడు “బావా” అని పిలిచినప్పుడల్లా కాగితాల్లోంచి తలెత్తకుండా పలకడం ఒక్కటీ ఏజెంటు కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.