ఎటు నుంచి లెక్క

“కదలకు. నువ్వు కదిలితే టేపు కదులుతుంది,” అన్నాడు భర్త, తానే సీటు మీద అటూ ఇటూ సర్దుకుంటూ.

ఆమె బండి వెనక చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఇరుసు నుంచి సీటు అంచు దాకా టేపు పట్టుకుని ఉంది. రేసు ట్రాక్ మీద నడిపే మోటారుసైకిలుకి సస్పెన్షన్ సరిచేయాలంటే, మనిషెక్కినప్పుడు అది ఎంత కుంగుతుందో ముందు కొలవాలి. ఏడాదిగా ఆ పని ఆమెదే. “మొగుడు బండెక్కితే పెళ్ళాం చక్రం కింద దూరడం మా కాలంలో చూళ్ళేదమ్మా,” అని అత్తగారంటే నవ్వి ఊరుకుంది. కుంగిన కొలత, టైరు అరిగిన తీరు, తిప్పినప్పుడల్లా టిక్కుమనే ఏ స్క్రూ ఎన్ని క్లిక్కుల దగ్గరుందో అన్నీ ఒక నోటుపుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టింది.

ఇంతలో సస్పెన్షన్ మెకానిక్ షెడ్డులోకి వచ్చింది. ‘పెద్ద మెకానిక్ వస్తున్నారు’ అని భర్త అన్నాడే గాని, ఆడమనిషని చెప్పలేదు. ఆవిడ బండి వెనక భాగాన్ని అరచేత్తో ఒక్కసారి నొక్కి వదిలింది.

“కుంగింది కుంగినట్టే ఉండిపోతోంది. వరసగా గతుకులొస్తే పైకి లేవడానికి దీనికి తీరికేదీ? రీబౌండ్ స్క్రూ మరీ బిగించేశారు.”

“అబ్బ! ఇట్టే పట్టేశారు మేడమ్!”

ఆ ‘మేడమ్’ ఆమె చెవిలో సూదిలా దిగింది. పోయిన నెల ట్రాక్ కంచె దగ్గర నిలబడి చూసి, ఇంచుమించు ఇవే ముక్కల్లో తను చెప్పింది. “నీకేం తెలుసే? టేపు పట్టుకున్నంత మాత్రాన ఇంజనీరువైపోవు,” అన్నాడు, కూరలో ఉప్పు తక్కువైందన్నంత తేలిగ్గా. అదే మాట ఇంకో ఆడదాని నోట వస్తే వేదమైంది. భర్తకి ఆవిడ మీద మోజేమోనన్న అసూయ కాదిది. అదే అయితే నలుగురికీ చెప్పుకుని ఏడవడానికైనా వీలుండేది. ఆవిడ గోళ్ళలోని గ్రీజు చూసి అసూయ. వచ్చి పది నిమిషాలైనా ఆవిణ్ణి ఎవరూ టీ పెట్టమననందుకు అసూయ. అన్నిటికన్నా, ఆవిడ మాట్లాడుతుంటే భర్త నోరు మూసుకుని వింటున్నాడు. ఆ నోటికి మూతపడడం కూడా వచ్చని తొమ్మిదేళ్ళ కాపురంలో ఆమెకి తెలియనే లేదు.

“ఈ పుస్తకం రాసిందెవరు? ముచ్చటగా ఉందే,” అంది మెకానిక్, పేజీలు తిప్పుతూ.

“నేనే మేడమ్. మా ఆవిడ టేపు పట్టుకుంటుంది, ఏదో తోడుగా.”

“రెండు నెలల కింద బండి బాగుందని రాశారు, రీబౌండ్ పన్నెండు క్లిక్కులు. అక్కడికే తెద్దాం. ఎటు నుంచి లెక్క? పూర్తిగా బిగించిన దగ్గర్నుంచా, పూర్తిగా వదిలిన దగ్గర్నుంచా?”

“వదిలిన దగ్గర్నుంచి,” అన్నాడు భర్త, తడుముకోకుండా.

ఆమె తలెత్తింది. ఆ స్క్రూకి మొత్తం ఇరవై క్లిక్కులు. వదిలిన వైపు నుంచి పన్నెండు లెక్కపెడితే పూర్తి బిగింపుకి ఎనిమిదే మిగులుతాయి, బండి మళ్ళీ బిగుసుకునే ఉంటుంది. ఆయన ట్రాక్ మీద రెండు చుట్లు తిరిగొచ్చి, ‘ఆవిడకేం తెలుసు’ అంటాడు. ఆ మాట మేడమ్‌కి తగలాలని, తనకి తగిలిన చోటే తగలాలని, ఆమె గుండె సంబరంగా కొట్టుకుంది. మలుపులో చక్రం జారితేనో అన్న భయం ఆ సంబరం తరవాతే వచ్చింది. అందుకు సిగ్గేసింది. ఎన్నడూ ఒకరి చెడు కోరని మనిషి, తన మాట మింగీ మింగీ ఇలా తయారైందా?

మెకానిక్ స్క్రూడ్రైవరుతో వంగింది.

“ఆగండి. పూర్తిగా బిగించిన దగ్గర్నుంచి.”

“నువ్వుండవే, మధ్యలో...” అన్నాడు భర్త, నవ్వబోతూ.

ఆమె టేపు చుట్టి నేలమీద పెట్టి లేచింది. మెకానిక్ కళ్ళలోకి చూస్తూ అంది:

“ఆ పుస్తకం నాదండీ. బండి నడిపింది ఆయన. బాగుందని కనిపెట్టింది నేను.”