ఎర్రగీతల వైద్యం

బుధవారం పొద్దున నీరజ ప్రెస్సులోకి అడుగుపెట్టేసరికి ఆమె కుర్చీలో విక్రమ్ కూర్చుని ఉన్నాడు. మెడలో పోచారం సాఫ్ట్‌వేర్ క్యాంపస్ కార్డు. స్నానానికైనా తీస్తాడో తీయడో మహానుభావుడు! నాచారంలోని ఆ ప్రెస్సు యజమాని పరంధామయ్యకు స్వయానా మేనల్లుడు. కంప్యూటర్ నిదానంగా నడుస్తోందని మామ అన్నాడట, అల్లుడు వైరస్ అని తేల్చాడట. మంగళవారం నీరజ సెలవు పెట్టిన రోజే వచ్చి, ఉన్నదంతా తుడిచేసి కొత్త విండోస్ ఎక్కించాడు. ఫైళ్ళు మాత్రం పక్కకు తీసిపెట్టాడు, అంతవరకు పుణ్యం. తొమ్మిదేళ్ళుగా ఆ కంప్యూటర్ మీద తెలుగు టైపు చేస్తున్న మనిషి ఒకతె ఉందని, ఆమెను ఒక్క మాట అడుగుదామని అతనికి తట్టనే లేదు.

"ఫైల్ కరప్ట్ అయింది ఆంటీ," అన్నాడు తల తిప్పకుండా. "మీరే ఏదో తప్పు జేసిన్రు."

తెర నిండా డాలర్లు, పర్సెంటు గుర్తులు, నెత్తిన చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్య ఖాళీ డబ్బాలు. తెలుగు అక్షరం మచ్చుకైనా లేదు. అది నరసింహమూర్తి గారి పుస్తకం. హబ్సిగూడలో సైంటిస్టుగా పనిచేసి రిటైరైన ఆయన, రైతుల కోసమని 'బోరు వేసే ముందు' అని నూట నలభై పేజీలు రాశాడు. ఆదివారం ఉప్పల్లో ఆవిష్కరణ. ఈ సాయంత్రానికి పేజీలు సిద్ధం కావాలి.

పరంధామయ్య మొహం కందగడ్డలా ఉంది. "నూట నలభై పేజీలు మట్టిల గలిపినవ్ గద నీరజా! సాయంత్రానికి బుక్కు తయారు గాకుంటే రేపటిసంది నువ్వు రాకు. మా విక్రమ్ ఏదో సాఫ్ట్‌వేర్ తెస్తడంట. మనం మాట్లాడితే అదే టైపు జేస్తదంట. ఇగ ఆపరేటరే అక్కర్లేదంట."

నీరజకు భయమేసింది. భర్త పనిచేసే ఫ్యాక్టరీ గేటుకు ఆరు నెలలుగా తాళం. నాగారంలో ఆమె ఇల్లు ఈ ఒక్క కుర్చీ మీదే నడుస్తోంది. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఇంకెవరు రమ్మంటారు తనను?

కానీ తెర వైపు అర నిమిషం చూసేసరికి భయం పోయి ఒళ్ళు మండింది.

ఫైలుకేమీ కాలేదు. అది పాతకాలపు తెలుగు ఫాంటు. లోపల దాచుకునేది ఇంగ్లీషు గుర్తులనే, వాటికి పైన తెలుగు రూపం తొడుగుతుంది. ఫాంటు లేకపోతే తొడుగు ఊడి లోపలి గుర్తులు బయటపడతాయి, అంతే. కంప్యూటర్ తుడిచినప్పుడు ఫాంటునూ కలిపి తుడిచాడు ఈ ప్రబుద్ధుడు! డీటీపీ సెంటర్లో వారం రోజులు పని నేర్చుకున్నవాళ్ళకు తెలిసే సంగతి, నాలుగేళ్ళు ఇంజనీరింగ్ వెలగబెట్టినవాడికి తెలియలేదు.

"జర జరుగు బాబూ," అని నీరజ తెర మీద వేలు పెట్టి, ఆ డాలర్ల మీదుగా, చుక్కల మీదుగా చదవడం మొదలుపెట్టింది. "'బోరు వేసే రైతు ముందు తన పొలంలో రాయి ఎట్లా ఉందో చూడాలి. రాయి కింద నీరు ఉండవచ్చు, ఉండకపోవచ్చు...'"

పరంధామయ్య నోరు తెరిచాడు. "ఇది నువ్వెట్ల సదువుతున్నవ్?"

"తొమ్మిదేండ్లసంది గివే గుర్తులు కొడుతున్న సార్. అప్పుడప్పుడు ఫాంటు మొరాయిస్తే గిట్లనే సదువుకుంట పోయేదాన్ని." అంటూనే ఆగిపోయింది. వేలి కింద నిక్షేపం లాంటి ఇంగ్లీషు మాట ఒకటి కనిపించింది. "ఇదేంది? ఈడ కిచెన్ అని ఉంది. ఆ కింద ఎలిఫెంట్ అని ఉంది! నేను కొట్టలే ఇవి."

విక్రమ్ గర్వంగా నవ్వాడు. "అన్ని మాటల కింద రెడ్ లైన్స్ వచ్చినయ్ ఆంటీ. అంటే స్పెల్లింగ్ మిస్టేక్స్. కంప్యూటర్ చూపెట్టిన కరెక్ట్ స్పెల్లింగ్ పెట్టి, ఒక్కొక్కటి చేంజ్ కొట్టుకుంట ముప్పై ఒక్క పేజీలు క్లీన్ జేసిన. నిన్న సాయంత్రం దాకా అదే పని."

"సేవ్ జేసినవా?"

"చేయకపోతే ఎట్ల?"

తెలుగు పుస్తకానికి ఇంగ్లీషు స్పెల్లింగులు దిద్దాడు! రోజంతా కూర్చుని మరీ దిద్దాడు! నీరజకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వీడి చదువు తగలెయ్య, రైతు పొలంలోకి వంటిల్లునూ ఏనుగునూ తోలాడు!

ఇక మాటలు అనవసరం అనుకుంది. టిఫిన్ సంచిలోంచి ఫాంటు సీడీ తీసింది. ఇట్లాంటి మేధావులు ఎప్పుడో ఒకప్పుడు ఊడిపడతారని ఆమె దాన్ని డబ్బాతో పాటే మోస్తుంది. ఫాంటు ఎక్కగానే ముప్పై రెండో పేజీ నుంచి చివరిదాకా తెలుగు కళకళలాడింది. మొదటి ముప్పై ఒక్క పేజీలు మాత్రం చెడినవి చెడినట్టే ఉన్నాయి. రాతప్రతి పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీ అవగానే మూలన పెన్సిల్‌తో టిక్కు కొడుతూ మొత్తం మళ్ళీ టైపు చేసింది. అన్నం డబ్బా మూత తీయలేదు. విక్రమ్ వెనకాల స్టూలు మీద కూర్చుని ఫోన్ నొక్కుకున్నాడు. నాలుగున్నరకు చివరి టిక్కు పడింది.

అయిదింటికి నరసింహమూర్తి వచ్చాడు. పరంధామయ్య ఎదురెళ్ళి ఏమన్నాడంటే, "మా మేనల్లుడు సార్, పోచారంల సాఫ్ట్‌వేర్. మీ ఫైలు మొత్తం కరాబైతే ఇతనే బాగు జేసిండు."

"ఎంత ఉపకారం చేశావు నాయనా!" అన్నాడు పెద్దాయన. "కృతజ్ఞతల పేజీలో నీ పేరు ఉండి తీరాలి."

"పర్లేదు అంకుల్," అన్నాడు విక్రమ్. కాదని అనలేదు. సిగ్గు లేని జన్మ!

నీరజ లేచి కుర్చీ వెనక్కి జరిపింది. "ఆయన పేరు ఆయన్నే కొట్టమనండి సార్. అంత పెద్ద బుక్కు బాగు జేసినోనికి ఒక్క పేరు ఎంతసేపు?"

"మంచిమాట. కొట్టు నాయనా," అన్నాడు నరసింహమూర్తి.

తప్పించుకునే దారి లేక విక్రమ్ కూర్చున్నాడు. ఇంగ్లీషులో తన పేరుకు ఉన్న ఆరు మీటలూ నొక్కాడు. తెర మీద ఆరు తెలుగు ముక్కలు పడ్డాయి. వాటిలో ఒక్కటీ అతని పేరుకు చెందింది కాదు. చెరిపి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అవే పడ్డాయి. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమిటిది బాబూ?" అన్నాడు నరసింహమూర్తి కళ్ళజోడు సర్దుకుంటూ.

"ఫాంట్ ప్రాబ్లమ్ అంకుల్."

పెద్దాయన బల్ల మీది రాతప్రతి చేతికి తీసుకుని పేజీలు తిప్పాడు. ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా మూలమూలనా టిక్కులు.

"ఈ పెన్సిల్ గుర్తులు ఎవరివమ్మా?"

"నావే సార్."

"ఇవాళ పెట్టినవేనా?"

"ఇయ్యాల్నే సార్. పొద్దుగాలసంది."

ఆయన పరంధామయ్య వైపు చూశాడు. పరంధామయ్య గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. చివరికి గొంతు సవరించుకుని, "రేపు జర జల్ది రా నీరజా, పెండ్లి కార్డులున్నయ్," అన్నాడు.

"కృతజ్ఞతల్లో మీ పేరు వేయండమ్మా," అన్నాడు నరసింహమూర్తి.

విక్రమ్ ఇంకా మీటల మీద తన పేరు వెతుక్కుంటూనే ఉన్నాడు. నీరజ వెళ్ళి అతని పక్కన నిలబడింది.

"ఇగ లెవ్వు బాబూ," అంది. "నా కుర్చీ."